నిప్పు చూడని తప్పెట

ఆదోని,
ఆగస్టు 3.

జయన్న మామకు,

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నా మాట సగంలో ఉండగానే పెట్టేశావు. కాగితాన్ని అట్లా సగంలో పెట్టేయడం నీ వల్ల కాదు. నలభై ఏళ్లప్పుడు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నవాడివి, బస్టాండులో గోడ మీది పోస్టరు కూడా చివరి అక్షరం దాకా చదవకుండా కదలవు. అందుకే రాస్తున్నాను. నూలు మూటల ఆటో తోలే ఏసన్న రోజూ ఆదోని, ఎమ్మిగనూరు తిరుగుతాడు. దీన్ని అతనే తెస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

విషయం ఒకటే. నన్ను నీ తప్పెట మేళంలో నిలబెట్టుకో.

నేను వాయించి పంపిన ముక్క ఫోన్‌లో విని "రేకు డబ్బా సప్పుడు" అన్నావంట, అత్త చెప్పింది. తప్పు నాది కాదు, నా తప్పెటది కూడా కాదు. లావు శబ్దం అంటే నిదానంగా ఊగే శబ్దం. అది చెవి దాకా రావాలంటే చాలా గాలిని తోయాలి. తప్పెట తోలు పళ్లెమంత ఉంటుంది కాబట్టి తోస్తుంది. ఫోన్‌లో ఉండే స్పీకరు నా చిటికెన వేలి గోరంత. అది ఏం తోస్తుంది? ఉన్న శబ్దంలో సన్నవి ఏరి నీకు వినిపించింది, లావువి మింగేసింది. అంటే నువ్వు నా తప్పెట అంచు మాత్రం విన్నావు, పొట్ట వినలేదు. సగం విని తీర్పు చెప్పినవాడివి పెద్దమనిషివి ఎట్లా అవుతావు?

ఇంకొకటి. పోయిన దసరాకు నేను పని చేసే జిన్నింగ్ మిల్లులో, అదే పత్తి గింజ తీసే మిల్లులో, పూజకు మీ మేళాన్ని గేటు బయట రోడ్డు మీద నిలబెట్టారు. పట్నం మేళం వాళ్లు ప్లాస్టిక్ తప్పెటలు పట్టుకుని లోపలికి పోయి మిషన్ల ముందర వాయించారు. కారణం అడిగితే, తోలు తప్పెటను మంట మీద కాచాలి, దూది దగ్గర మంట పెట్టకూడదు అన్నారు. దూది దగ్గర మంట కూడదనేది నిజమే. ఒక్క నిప్పురవ్వకు గోడౌన్ మొత్తం పోవడం నేను కళ్లారా చూశాను. కానీ పులిహోర పొట్లాలు గేటు కమ్మీల సందులోంచి ఇవ్వడానికి కూడా మంటే కారణమా? ఆ రోజు నేను గేటు లోపల ఉన్నాను. నువ్వు చేయి చాపి తీసుకోవడం నాకు కనిపించింది. నువ్వు నన్ను చూడలేదు. చూశావేమో, తెలియదు.

జవాబు రాయి. రాయకపోతే ఆదివారం వచ్చి మీ వాకిట్లో కూర్చుని వాయిస్తాను.

నీ మేనకోడలు, ఇంకా చల్లారనిది,
కృప

———

ఎమ్మిగనూరు,
ఆగస్టు 8.

కృపకు,

నీ జాబు మూడుసార్లు చదివినాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి మీ అత్తకు చదివి వినిపిస్తే ఆమె నీ పక్కకు పోయింది. ఇంట్లో నాకు ఇప్పుడు మజ్జిగ కూడా అడిగితేనే వస్తాండాది.

పదో తరగతి పాసై, పాత పేపర్ల అంగడిలో ఇంటరు సైన్సు పుస్తకం కొని చదివినావని మీ అమ్మ చెప్పినప్పుడు సంతోషపడినాను. ఆ పుస్తకం తిరిగొచ్చి నన్నే కొడుతుందని అనుకోలేదు. ఫోన్ సంగతి నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. మన మేళం ప్రకాష్ పెండ్లి వీడియోలో కూడా మా తప్పెటలు దోసె పెనం మాదిరే వినపడినాయి.

కానీ లైన్ సంగతి వేరే. ఆడపిల్ల నడుమ నిలబడితే మగవాళ్ల అడుగులు తప్పుతాయి. మేము నలుగురం ఇరవై ఏళ్ల నుంచి ఒకే అడుగు మీద ఉండాము. అది చెడగొట్టుకోలేను.

మంట గురించి నీకు తెలీదు. తోలు తప్పెటకు అగ్గి తల్లి మాదిరి. కాచకపోతే అది లేవదు. మా నాయన చెప్పినాడు, వాళ్ల నాయన చెప్పినాడు. మీ మిల్లు సేటు హనుమంతరాయుడు మంట వద్దంటే మేము బయట నిలబడక తప్పదు. దాంట్లో కోపం తెచ్చుకునేదానికి ఏమీ లేదు.

అయినా నీ నోరు మూయించాల గదా. అందుకని ఒక పందెం. ఈ దసరా పొద్దున, మిల్లు లోపల, అగ్గి లేకుండా మన తప్పెటలు మోగితే నిన్ను లైన్‌లో నిలబెట్టుకుంటా. మోగకపోతే ఈ జన్మలో మళ్లా ఆ మాట ఎత్తగూడదు.

పొట్ట నిండా తిను అని మీ అత్త రాయమంది.

జయన్న

———

ఆదోని,
ఆగస్టు 13.

మామకు,

పందెం ఒప్పుకున్నాను. నీ జాబు మడిచి డబ్బాలో దాచాను. తర్వాత మాట మారిస్తే కాగితం తీసి చూపిస్తాను.

ఇప్పుడు విను. మీ నాయన, వాళ్ల నాయన చెప్పింది సగం నిజం. తప్పెటను లేపేది మంట కాదు, తోలులోంచి నీళ్లు పోవడం. తోలు చచ్చిన తర్వాత కూడా తాగుతూనే ఉంటుంది. ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమ తాగి ఉబ్బుతుంది, సాగుతుంది, బరువెక్కుతుంది. సాగిన తోలు, అందులోనూ బరువైన తోలు, నిదానంగా ఊగుతుంది. అందుకే కొడితే "దబ్" అంటుంది. మంట మీద కాచితే నీళ్లు ఆవిరై పోతాయి, తోలు ముడుచుకుంటుంది. కానీ చట్రం దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ ఇద్దరి గుంజులాటే బిగువు. బిగువు పెరిగితే తోలు తొందరగా ఊగుతుంది, శబ్దం పైకి లేస్తుంది. ఇంతే. దీంట్లో అగ్గి తల్లీ కాదు, పినతల్లీ కాదు. కూలికొచ్చిన మనిషి.

నమ్మవని తెలుసు. అందుకని రెండు పనులు చెప్తాను, చేసి చూడు.

ఒకటి. అత్త సంకటికి ఎసరు పెట్టినప్పుడు తప్పెటను ఆ కుండ మీద, ఆవిరి తగిలేటట్టు పట్టుకో. వేడి ఉంది కదా. నీ లెక్కన లేవాలి. నా లెక్కన సచ్చూరుకుంటుంది.

రెండోది. బాగా కాచిన తప్పెటను పడుకోబెట్టి, తోలు మీద గుప్పెడు బొంబాయి రవ్వ పలచగా చల్లు. నోరు దగ్గర పెట్టి "ఊ" అని సాగదీసి పాడు. గొంతును మెల్లగా కిందినుంచి పైకి తీసుకుపో. ఒక చోట రవ్వ ఏం చేస్తుందో చూసి రాయి. నేను చెప్పను.

పని సంగతి అడిగావు కాదు, అయినా చెప్తాను. మిషన్లకు పత్తి అందిస్తున్నాను. సీజను ఇంకా రాలేదు కాబట్టి ఒక్క షిఫ్టే. సూపర్‌వైజరు సాయిరాం గేటు దగ్గర అందరి ఫోన్లూ చెక్క పెట్టెలో పెట్టించుకుంటాడు. ఎనిమిది గంటలు మిషన్ల మోత వింటే బయటికొచ్చాక మనుషులు చేపల్లా నోరు కదిపినట్టు ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకుంటున్నాను. అదొక్కటే ఇక్కడ ఊరికే దొరికేది.

కృప

———

ఎమ్మిగనూరు,
ఆగస్టు 21.

కృపకు,

నీ మాట విని నేను చేసిన పనులు రాస్తాండాను. ఎవరికీ చూపించొద్దు.

మొదటిది. ఆవిరి మీద తప్పెట పట్టినాను. నాది కాదు, ప్రకాష్‌ది. అంత పిచ్చోణ్ని కాదు. వంద లెక్క పెట్టేలోపల తడిసిన దుప్పటి మాదిరి అయింది. కొడితే మెత్తని పరుపు మీద కొట్టినట్టుంది. పట్టుకుంటే చేయి కాలేంత వేడి, సప్పుడు మాత్రం సున్న. ప్రకాష్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మళ్లా ఎండలో ఆరబెడితే లేచింది, మంట లేకుండానే. ఆ సంగతి నేనే రాయకుండా ఉండొచ్చు. కానీ రాస్తాండాను.

రెండోది ఇంకా ఘోరం. మీ అత్త అంగడికి పోయిన టైము చూసి, తలుపు దగ్గరగా వేసి, తప్పెట మీద రవ్వ చల్లి, బోర్లా పడుకుని "ఊ" అని ఎత్తుకున్నాను. కదల్లేదు. కొంచెం పైకి పోయినాను. కదల్లేదు. ఇంకొంచెం పోయినాను, రవ్వ మొత్తం ఒక్కసారి ఎగిరింది కృపా. నడుమ ఎగిరి అంచుకు పోయి కూర్చుంది. గొంతు అంతకన్నా పైకి పోతే మళ్లా సచ్చినట్టు పడుకుంది. నేను కొట్టలేదు, తాకలేదు. ఆ ఒక్క గొంతుకే దానికి ఉలుకొచ్చింది. నేను మైమరచి ఇరవైసార్లు చేసినాను.

ఇరవయ్యోసారికి మీ అత్త గడప మీద నిలబడి ఉంది. మొగుడు తప్పెటలో మొహం పెట్టి ఎద్దు మాదిరి అరుస్తాంటే ఏమనుకుంటుంది. దయ్యం దించే పక్కింటి ఎల్లమ్మను పిలుచుకురావాల్నా అని అడిగింది. అంతా చెప్పినాను. "జరుగు" అనింది. కూర్చుని ఆమె పాడింది. ఆమెది సన్న గొంతు గదా. రవ్వ నాకు ఎగిరినట్టు ఎగరలేదు. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం ఎగిరి, నడుమ ఒక గీత మాదిరి నిలిచిపోయింది, పాపిట తీసినట్టు. అది ఎందుకో నాకు తెలీదు. నీకు తెలిసుంటే రాయి. మీ అత్త అప్పటి నుంచి నా తప్పెట నాకన్నా ఆమె మాటే ఎక్కువ వింటాందని ఊరంతా చెప్తాండాది. ఆ రవ్వతోనే ఉప్మా చేసింది కూడా.

సరే. నీళ్లే అని ఒప్పుకున్నా. ఒప్పుకుంటే ఏమైంది? దసరాకు మన పక్క ముసురు ఉంటాది. పూజ తెల్లవారి ఆరింటికి. ఎండ యాడిది? మంట లేకుండా, ఎండ లేకుండా నీళ్లను యాడికి పంపిస్తావు?

జయన్న

———

ఆదోని,
సెప్టెంబరు 6.

మామకు,

ముందు అత్త గీత గురించి. తోలు ఒకే రకంగా ఊగదు. నీ లావు గొంతుకు మొత్తం తోలు ఒక్కటిగా పైకీ కిందికీ ఊగింది. అత్త గొంతుకు రెండు సగాలైంది. ఈ సగం పైకి పోతే ఆ సగం కిందికి పోతుంది. నడుమ ఎటూ పోని చోటు ఒకటి మిగులుతుంది. ఎగిరే రవ్వంతా వచ్చి అక్కడ దాక్కుంటుంది. తప్పెట నడుమ లావు పుల్లతో కొడితే ఒక శబ్దం, అంచున సన్న పుల్లతో కొడితే ఇంకో శబ్దం రావడానికి కారణం కూడా అదే. నడుమ కొడితే మొత్తం ఊగుతుంది. అంచున కొడితే తోలు సగాలు, పావులు, ఇంకా ముక్కలై ఊగుతుంది. నువ్వు ముప్పై ఏళ్లుగా ఆ ముక్కల మీదే బతుకుతున్నావు. నేను పుస్తకంలో చదివాను, నువ్వు చేతిలో ఉంచుకున్నావు. ఈ ఒక్క చోట నువ్వు నాకంటే పెద్ద. ఎక్కువ సంతోషపడొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్లను ఎక్కడికి పంపాలో దొరికింది.

రెండు రోజులు ఎండబెట్టిన పత్తి దగ్గర పని చేసిన రోజు నా పెదాలు పగులుతాయి, ముక్కు లోపల మండుతుంది. ఎండిన పత్తి దాహంతో ఉంటుంది మామా. చుట్టూ ఉన్న తేమనంతా లాక్కుంటుంది. అయితే నా పెదాల తేమ లాక్కున్నది తప్పెట తేమ లాక్కోదా?

పోయిన వారం మూడు రోజులు ముసురు పట్టింది. నా తప్పెట సచ్చింది. కొడితే సెకనుకు నూటపన్నెండు సార్లు ఊగుతున్నట్టు ఫోన్‌లో లెక్క వచ్చింది. లావు ప్లాస్టిక్ సంచిలో ఎండిన పత్తి కుక్కి, నడుమ తప్పెట పెట్టి, మూతి గట్టిగా కట్టాను. ఒక పూట, ఒక రాత్రి అట్లా ఉంచాను. తీసి కొట్టాను. నూట అరవై మూడు. మంట మీద కాచినప్పుడు నాది నూట డెబ్బైకి పోతుంది. ఏడు తక్కువ. ఆ ఏడు తేడా నీ చెవి పట్టుకునే లోపల పాట అయిపోతుంది.

మంట పెట్టొద్దన్న దూదే మంట పని చేస్తుంది. నాకు ఎంత నవ్వొచ్చిందంటే సాయిరాం వచ్చి ఒళ్లు బాగుందా అని అడిగాడు.

నేరుగా హనుమంతరాయుడు సేటు ఆఫీసుకు పోయాను. అగ్గి లేకుండా తోలు తప్పెటలు మోగితే లోపలికి రానిస్తారా అని అడిగాను. ఆయన లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, మోగితే రమ్మను, మోగకపోతే పట్నం మేళం గేటు బయటే తయారుగా ఉంటుంది అన్నాడు. ఆ రోజు కోయంబత్తూరు నుంచి దూది కొనే షావుకారు వస్తున్నాడంట, ఆయన ముందర పరువు తీయొద్దని కూడా చెప్పాడు. పట్నం మేళానికి తోలు లేదు, ఊపిరీ లేదు, బిగువు కావాలంటే బోల్టులు తిప్పుకుంటే చాలు. ప్లాస్టిక్ పలచన కాబట్టి సన్న మోత ఎక్కువ, లావు మోత తక్కువ. పెద్ద శబ్దమే కానీ ఒంటికి తగలదు.

నెలాఖరుకు నీవీ, మిగతా ముగ్గురివీ తప్పెటలు ఏసన్న ఆటోలో పంపించు.

కృప

———

ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 22.

కృపకు,

జాబు అందింది. నీ లెక్కలు మేళంలో అందరికీ చదివి వినిపించినాను. ప్రకాష్, పత్తిలో పెడితే ఎలుకలు కొడతాయేమో అన్నాడు. ఇంకొకడు, సంచిలో మూతి కడితే తప్పెటకు ఊపిరాడదు అన్నాడు. నేను అనుకున్నవి రాయను.

ఇరవై తొమ్మిదో తేదీ నాలుగు తప్పెటలు ఏసన్నతో పంపిస్తాండాను. మూడు వాళ్లవి. ఎర్ర తాడు కట్టినది నాది. దాని తోలు పోయిన ఏడు నేనే నానబెట్టి, గీకి, కట్టినాను. కందిరీగ మాదిరి కోపంది, కొంచెం తగిలినా కుట్టినట్టు మోగుతాది. నీ మాదిరే. దాన్ని జాగ్రత్తగా చూసుకో.

మేము దసరా నాడు తెల్లవారకముందే బయలుదేరి వస్తాము.

మీ అత్త ఒక్క మాట రాయమంది. మోగినా మోగకపోయినా నువ్వు ఏడవగూడదంట. నువ్వు ఏడుస్తావని నేను అనుకోలేదు. ఇంకొకళ్లను ఏడిపిస్తావు.

జయన్న

———

ఆదోని,
సెప్టెంబరు 30.

మామకు,

నాలుగూ చేరాయి. నాదానితో కలిపి ఐదు. ఎలుకలు లేవు.

సీజను పత్తి వస్తోంది. రెండు రోజుల ఎండలో ఆరినదాన్ని ఏరి సంచుల్లో కుక్కి మూడు తప్పెటలూ, నా తప్పెటా పెట్టాను. గింజలు, ఎండిన ఆకు ముక్కలు, పుల్లలు అన్నీ కలిసిన ముతక పత్తి. వాళ్లకు అది చాలు.

నీది మాత్రం అందులో పెట్టలేదు. దానికి మర్యాద వేరే. ప్రెస్సు రూములో, దూదిని నొక్కి పెద్ద మూటలుగా బేళ్లు కట్టే చోట, గింజ తీసి శుభ్రం చేసిన తెల్ల దూది ఉంటుంది. మెరుస్తూ, నురగలా. నేను ఆ రూములో పని చేయను, ఆ పక్క మనుషులు వేరే. అక్కడ పని చేసే మేరిని బతిమాలి ఒక సంచి తీసుకున్నాను, పూజ అయ్యాక తిరిగిచ్చే మాట మీద. నీ ఎర్ర తాడు తప్పెట ఇప్పుడు ఆ దూదిలో పెండ్లికొడుకులా పడుకుని ఉంది.

గుర్తుంచుకో. నన్ను నువ్వు లైన్‌లోకి రానివ్వకపోయినా నీ తప్పెటను నేను పరుపు మీద పెట్టాను.

ఎల్లుండి కలుద్దాం.

కృప

———

ఆదోని,
అక్టోబరు 6.

సిద్దమ్మ అత్తకు,

ఈ జాబు నీకు. నీకు చదవడం రాదు కాబట్టి మామే చదివి వినిపించాలి. మామా, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు.

అత్తా, "కృప పందెం ఓడిపోయింది" అని మామ ఎమ్మిగనూరు అంతా చెప్పుకుంటున్నాడని ఏసన్న చెప్పాడు. ఆ రోజు నువ్వు లేవు. ఏం జరిగిందో నేను చెప్తాను, ఎవరు ఓడారో నువ్వు చెప్పు.

తెల్లవారి ఐదున్నరకు మీవాళ్లు వచ్చారు. సన్నగా తుంపర. సాయిరాం గేటు దగ్గర అందరినీ తడిమి చూశాడు. మామ లుంగీ మడతలో అగ్గిపెట్టె దొరికింది. దాంతోపాటు చుట్టచుట్టిన పాత పేపరు. బీడీ కోసం అన్నాడు. మామ బీడీ మానేసి పన్నెండేళ్లయింది. నా లెక్క మీద ఆయనకు ఉన్న నమ్మకం అంత. అగ్గిపెట్టె పోయి ఫోన్ల పెట్టెలో పడింది. నేను పళ్లు కొరికాను.

లోపలికి పోయాం. పూలు కట్టిన మిషన్లు, కొబ్బరికాయలు, కుర్చీలో హనుమంతరాయుడు సేటు, పక్క కుర్చీలో కోయంబత్తూరు షావుకారు. అందరి ముందర సంచులు విప్పాను. ప్రకాష్‌ది తీసి కొట్టాడు, ఖంగుమంది. రెండోది, మూడోది కూడా. నాది కూడా. ప్రకాష్ నా వైపు చూసి తల ఊపాడు. చివరన మామది, తెల్ల దూదిలోంచి. మామ దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, భుజానికి తగిలించుకుని, ఠీవిగా ఒక్క దెబ్బ వేశాడు.

దబ్.

అత్తా, తడి పిండి ముద్ద నేలకేసి కొట్టినట్టుంది. ఇంకోసారి కొట్టాడు. అదే. సేటు నవ్వాడు, కోపంగా కాదు, జాలిగా. అదే నాకు మండింది. "సూసినావా అమ్మాయీ, తోలు తోలే. అగ్గి లేకపోతే అంతే. పట్నం వాళ్లను పిలవండప్పా" అన్నాడు.

నేను మామ తప్పెట మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. దూది సంచిలో చేయి పెట్టాను. దూది వేళ్లకు అంటుకుంది. పిడికిలి బిగిస్తే ముద్దయింది. అప్పుడు అర్థమైంది. బేలు కట్టే ముందర ప్రెస్సు రూములో దూది మీద నీళ్లు చల్లుతారు. కొంచెం చల్లితే దూది పొడిబారకుండా ఉంటుందంట. ఎక్కువ చల్లితే బేలు బరువు తూగుతుంది. ఈ సంచిలోది ఎక్కువలో ఎక్కువ. మర్యాద చేద్దామని నీ మొగుడి తప్పెటను తీసుకుపోయి నేనే నీళ్లలో పడుకోబెట్టాను. తప్పు నాదే. అక్కడి దాకా ఒప్పుకుంటాను.

కానీ నా నోటి సంగతి నీకు తెలుసు. ముందు నోరు నడిచింది, తర్వాత నేను. "సార్, నాలుగు తప్పెటలు మన పత్తిలో పెట్టినాను, మోగినాయి. ఒకటి మీ ప్రెస్సు రూము దూదిలో పెట్టినాను, తడిసినాది. తోలుదేం తప్పు లేదు. దూదిలో నీళ్లుండాయి" అన్నాను.

షావుకారుకు తెలుగు వచ్చు. లేచి వచ్చి తన చేయి కూడా సంచిలో పెట్టాడు. చేయి బయటికి తీసి వేళ్లు చూసుకున్నాడు. సేటు వైపు తిరిగి ఏదో అడగడానికి నోరు తెరిచాడు.

సేటు లేచి నిలబడ్డాడు. "ముహూర్తం అయిపోతాంది, వాయించండప్పా, ఇప్పుడే, గట్టిగా" అన్నాడు. పట్నం మేళాన్ని పిలవడానికి కూడా ఆయనకు టైము లేదు. మేము మిల్లు లోపల, మిషన్ల ముందర నిలబడింది అట్లా. ఎవరూ గౌరవించి పిలవలేదు. ఒక మాట వినిపించకూడదని మమ్మల్ని అడ్డం పెట్టుకున్నారు. నాకు అది చాలు.

అప్పుడు మామ నా వైపు చేయి చాపాడు.

"ఇటియ్యి నీ తప్పెట."

"ఇయ్యను."

"నేను లేకుండా మేళం ఎట్లా ఎత్తుకుంటారు?"

"నువ్వు లేకుండా ఎందుకు? నీది కూడా మోగుతాది. సడలింది కాబట్టి లావుగా మోగుతాది. సన్న పుల్ల తీసెయ్యి. లావు పుల్లతో నడుమ కొట్టు, దూరం దూరంగా. సందులు మేము నింపుతాం."

ఆయన నన్ను తినేసేట్టు చూశాడు. సేటు వెనకనుంచి వాయించండి వాయించండి అంటున్నాడు. మామ సన్న పుల్లను నడుముకు చెక్కుకున్నాడు. లావు పుల్లతో నడుమ ఒక్కటి వేశాడు. ఈసారి చేత్తో తోసినట్టు కాదు, పుల్లను వెంటనే లేపి, తోలును ఊగనిచ్చి. ధమ్మని లోతుగా వచ్చింది. పైకప్పు రేకులు ఒకసారి వణికాయి. ఆ రేకులు ఊగే వేగమూ, ఈ తోలు ఊగే వేగమూ దగ్గర దగ్గరగా ఉన్నట్టుంది, రవ్వకూ నీ గొంతుకూ కుదిరినట్టు. మామ తల ఎత్తి రేకుల వైపు చూశాడు. ఇంకొకటి వేశాడు. మళ్లా వణికాయి. ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి నేను ఎత్తుకున్నాను, ప్రకాష్ అందుకున్నాడు.

ముప్పావు గంట వాయించాం. షావుకారు నాలుగుసార్లు నోరు తెరిచాడు. నాలుగుసార్లూ సేటు మా వైపు చేయి ఊపాడు. ఇంత ఇష్టంగా మా తప్పెటలు ఇంకెవరూ వినలేదు. ఎవరి అడుగూ తప్పలేదు అత్తా. అది కూడా మామను అడుగు.

తర్వాత తూకం వేసే బల్ల పక్కన కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించారు. పులిహోర, వడ, పాయసం. పట్నం మేళం వాళ్లు గేటు బయట ఉన్నారు. వాళ్లకు పొట్లాలు కమ్మీల సందులోంచి ఇవ్వబోతుంటే నేనే లేచి గేటు తీయించి పిలుచుకొచ్చాను. వాళ్లతో నాకేం కోపం?

షావుకారు ఆ రోజు బేళ్లు కొనలేదు, ముందు తేమ చూసే మిషను తెమ్మన్నాడంట. సాయిరాం మరుసటి రోజు నన్ను మిషన్ల దగ్గరనుంచి తీసి, కళ్లంలో పత్తి ఆరబెట్టే పనికి మార్చాడు. నోరు ఆరేదాకా అక్కడే అన్నాడు. కూలి అంతే, ఎండ ఎక్కువ, మోత తక్కువ. చెవులకు సుఖంగా ఉంది. శిక్ష అని వాళ్లు అనుకుంటున్నారు, అననీ.

ఇప్పుడు తీర్పు. మామ జాబు నా డబ్బాలో ఉంది. "మిల్లు లోపల, అగ్గి లేకుండా మన తప్పెటలు మోగితే" అని ఉంది. ఐదుకు ఐదూ అని ఎక్కడా లేదు. మోగాయా లేదా? నన్ను నిలబెట్టుకుంటాడా లేదా? నువ్వే చెప్పు, ఆయనతో రాయించు.

నీ కోడలు,
కృప

———

ఎమ్మిగనూరు,
అక్టోబరు 11.

కృపకు,

చదివి వినిపించినాను. అగ్గిపెట్టె కాడ రెండు లైన్లు వదిలేసినాను. మీ అత్త కాగితం వైపే చూస్తా కూర్చుంది. "ఆడ రాసింది ఇంత పొడుగుంది, నువ్వు సదివింది పొట్టిగా ఉంది. మళ్లా సదువు" అనింది. మళ్లా చదివినాను. ఇప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించాల్సి వచ్చినప్పుడల్లా ఆమె అగ్గిపెట్టె నన్ను అడుగుతాంది. ఈ పాపం నీదే.

తీర్పు చెప్పమన్నావు. మీ అత్త నువ్వే గెలిచినావంటోంది. నేను మాత్రం ఓడినావనే అంటాను. నాది మోగలేదు. లావుగా అనడం వేరే, మోగడం వేరే. అది నేను కొట్టిన తీరుకు పలికింది గానీ నీ దూదికి కాదు. పందెం పందెమే. ఈ మాట మార్చను.

ఇంకొకటి రాయాల. ఆడపిల్ల నిలబడితే అడుగులు తప్పుతాయని రాసినాను గదా, అది నిజం కాదు. పోయిన దసరాకు నువ్వు గేటు లోపల నిలబడి ఉండడం నేను చూసినాను. చూడనట్టు చేయి చాపి పొట్లం తీసుకున్నాను. ఒక్కరోజు అన్నానికి కమ్మీల బయట నిలబడే పని మాకు అలవాటే. నువ్వు లోపల ఉన్నదానివి. నిన్ను తెచ్చి ఈ పక్క నిలబెట్టుకోవాలంటే చేయి రాలేదు. ఫోన్‌లో అడిగినప్పుడు ఇది చెప్పలేక పెట్టేసినాను. కాగితం మీద కూడా రెండు నెలలు పట్టింది.

నువ్వు గేటు తీయించి ఆ పట్నం పిల్లోళ్లను పిలుచుకొచ్చినప్పుడు ప్రకాష్ నన్ను మోచేత్తో పొడిచినాడు. నేను పాయసం తింటాండాను, తల ఎత్తలేదు. కానీ చూసినాను.

నవంబరు పదహారు, ఆదివారం, కోసిగిలో పెండ్లి ఊరేగింపు. వాళ్లు మంచిగా పిలుస్తారో, దూరంగా నిలబెడతారో తెలీదు. పొద్దున ఎనిమిదికి కోసిగి బస్టాండులో ఉండు. తెల్ల చొక్కా వేసుకో, మాకందరికీ అదే. చెప్పులు గట్టివి వేసుకో, మూడు మైళ్లు నడవాల. నా ఎడమ పక్క నిలబడు. కుడి పక్క నిలబడితే నా మోచేయి నీకు తగులుతాది.

జయన్న